హైదరాబాద్ నుంచి దేశం చూడబోయేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో, ఆఫీసులో ఎవరికైనా నాలుగు రోజులు సెలవు దొరికిందంటే ముందు నాకు ఫోన్ చేస్తారు. నేను ట్రావెల్స్ నడపను. ఇరవై ఏళ్ళుగా జీతంలో మిగిలిన డబ్బంతా రైలు టికెట్లకీ, ఊరూరి తిండికీ పోశానన్న పేరు మాత్రం ఉంది. అందరూ అడిగేది దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇంతవరకూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

హైదరాబాద్‌లోనే. నవ్వకండి. ఇక్కడే పుట్టి పెరిగి, చార్మినార్‌ని బస్సు కిటికీలోంచి తప్ప చూడనివాళ్ళు మా బంధువుల్లోనే డజను మంది ఉన్నారు. ఊరి నుంచి చుట్టాలొస్తేనే మనకి గోల్కొండ గుర్తొస్తుంది.

ఒక ఆదివారం పొద్దున ఆరింటికల్లా పాతబస్తీలో ఉండండి. 1591 నాటి ఆ కట్టడం చుట్టూ ఆ వేళకి బండ్లుండవు, హారన్లుండవు. పావురాలుంటాయి. అక్కడి నుంచి పురానీ హవేలీ వైపు నడిస్తే చార్‌కోని నాన్ కాల్చే భట్టీలు కనబడతాయి. చార్‌కోని అంటే నాలుగు మూలలది. భట్టీ ముందు కూర్చున్న మనిషి పిండి ముద్దని అరచేత్తో చదును చేసి, అంచులు నాలుగు వైపులా లాగి, అడుగున నీళ్ళు తడిపి, నడుం దాకా భట్టీలోకి వంగి లోపలి గోడకి చరుస్తాడు. రెండు మూడు నిమిషాల్లో ఇనుప ఊచలతో లాగి బయటికి పడేస్తాడు. ఆ వేడి నాన్‌ని పొట్లం కట్టించుకుని, పక్క వీధిలో నహారీ గిన్నె ముందు కూర్చోవాలి. రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన మాంసం పులుసు అది. ‘నహార్’ అంటే పగలు. పేరులోనే వేళ చెప్పేశారు. తొమ్మిది దాటాక వెళ్తే ఖాళీ గిన్నె చూపిస్తారు.

ఎక్కడికి వెళ్ళినా నేను మొదట కనుక్కునేది ఇదే: ఇక్కడ ఏ వేళకి ఏం జరుగుతుంది? చూడాల్సిన స్థలాల లిస్టు ఆ తర్వాత. గోల్కొండ ఎక్కడం సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాలి. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కినవాళ్ళకి ఎండదెబ్బ తప్ప ఏమీ గుర్తుండదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం దగ్గరికి గంట కొట్టే వేళకి ఐదు నిమిషాల ముందే చేరాలి, లేకపోతే బుల్లి గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టడం జనం తలల మధ్యలోంచి చూడాలి. పన్నెండింటికి వెళ్ళారంటే పన్నెండు దెబ్బలూ వినొచ్చు. శుక్రవారం మ్యూజియం ఉండదు. తాజ్‌మహల్‌కీ శుక్రవారమే సెలవు. గురువారం రాత్రి ఆగ్రా చేరేలా టికెట్లు చేసుకుని, పొద్దున్నే గేటు ముందు నిలబడి నాకు ఫోన్ చేసినవాళ్ళు ఇద్దరున్నారు.

ఒక్క రోజులో వెళ్ళి రావడానికి ఏముంది?

బీదర్. 140 కిలోమీటర్ల దూరం, జహీరాబాద్ మీదుగా దారి. మనవాళ్ళు గురుద్వారాకి వెళ్ళి, కోట ముందు ఫొటో దిగి తిరిగొచ్చేస్తారు. నన్నడిగితే కనీసం గంటసేపు బిద్రీ పనివాళ్ళ దగ్గర కూర్చోవాలి. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద ఉలితో గీతలు చెక్కుతారు. ఆ గాడిలో వెంట్రుకలాంటి వెండి తీగ పెట్టి సుత్తితో మెల్లగా కొడతారు. అప్పటికి పాత్ర అంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది, వెండి ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు. ఆఖర్న కోటలోని మట్టిలో నవాసారం అనే ఉప్పు కలిపి వేడి నీళ్ళల్లో ముంచి తీస్తే లోహం కారునలుపుకి తిరుగుతుంది, వెండి తెల్లగా అలాగే నిలుస్తుంది. ఏళ్ళ తరబడి ఎండా వానా తగలని పాత గోడల చాటు మట్టే కావాలట. పనివాళ్ళు ఆ మట్టిని నాలుక మీద వేసుకుని చూసి పనికొస్తుందో లేదో చెప్తారు.

మధ్యాహ్నం భోజనానికి జొన్నరొట్టె పెట్టే చిన్న ఖానావళి వెతుక్కోండి. పుండి పల్య అని ఒక కూర వడ్డిస్తారు. మొదటిసారి నోట్లో పెట్టుకున్నాక మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గోంగూర! పప్పు, జొన్న నూక వేసి మెత్తగా వండారు, అంతే తేడా. రాష్ట్రం మారింది, భాష మారింది, ఆకు మాత్రం మనదే.

బీదర్ వద్దనుకుంటే భూదాన్ పోచంపల్లి. వినోబా భావే భూదానోద్యమం 1951లో మొదలైంది ఇక్కడే. మగ్గం చప్పుడు వినబడే ఇంటి ముందు ఆగి మర్యాదగా అడిగితే లోపలికి రమ్మంటారు. దారం మీదే ముందు రంగులద్ది, తర్వాత నేస్తే డిజైన్ ఎలా కలుస్తుందో చూశాక చీర బేరం చేయడానికి నోరు రాదు.

శని, ఆదివారాలు రెండూ ఉన్నాయి. అప్పుడో?

వరంగల్, రామప్ప. శనివారం హనుమకొండ వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట చూసుకుని, ఆదివారం పొద్దున్నే పాలంపేట. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దేవుడి పేరుతోనో కట్టించినవాడి పేరుతోనో కాక శిల్పి పేరుతో పిలిచే గుడి ఇది. శిఖరం ఇటుకలు నీళ్ళ మీద తేలతాయి. గైడ్లందరూ చెప్పేది అదే. నేను చెప్పేది ఇంకోటి: బయట చూరు కింద ఉన్న నల్లరాతి మదనికల్ని, అంటే ఆడవాళ్ళ శిల్పాల్ని, పొద్దుటి ఏటవాలు వెలుగులో చూడండి. ఒకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులుంటాయి.

శ్రీశైలం వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. నల్లమల అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఆఫీసయ్యాక బయల్దేరదాం అనుకుంటే మన్ననూరులో కారులో పడుకోవాలి.

ఏ నెలలో ఎక్కడికి?

పెద్ద చర్చ అక్కర్లేదు. రాజస్థాన్, కచ్ రణ్, కాశీ చలికాలంలో. లద్దాఖ్ జూన్ తర్వాత. తమిళనాడుకి అక్టోబరు, నవంబరుల్లో వెళ్ళేవాళ్ళు గొడుగు పెట్టుకోవాలి, వాళ్ళకి అసలు వానలు అప్పుడే. ఆదిలాబాద్ వైపు కుంటాల జలపాతానికి ఆగస్టు, సెప్టెంబరు. మేలో వెళ్ళి నీళ్ళేవని అడక్కండి.

మన ఊళ్ళో అయితే ఆషాఢం. అందరూ ‘ఆషాఢంలో ఏముంది, శుభకార్యాలు కూడా ఉండవు’ అంటారు. బోనాలు అప్పుడే కదా. మొదట గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ. బయటి రాష్ట్రాల స్నేహితులు హైదరాబాద్ చూస్తామంటే నేను డిసెంబరు చెప్పను, ఆషాఢ ఆదివారం చెప్తాను. పోతురాజు కొరడా చప్పుడు విన్నాక వాళ్ళకి ఫిల్మ్‌సిటీ గుర్తుకు రాదు.

రైలా, బస్సా, విమానమా?

రాత్రి ప్రయాణం అయితే రైలు. పగలు కొండలుంటే కూడా రైలే. వైజాగ్ నుంచి అరకు వెళ్ళే పొద్దుటి రైల్లో సొరంగాల్లోంచి బయటపడినప్పుడల్లా బోగీ అంతా పిల్లలు అరుస్తారు, పెద్దవాళ్ళు వద్దంటూనే వాళ్ళూ కిటికీల దగ్గరికి చేరతారు. దాన్ని కారులో వెళ్ళి పోగొట్టుకోకండి.

టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటున్నాయి. ఇదివరకు 120 ఉండేది, 2024 నవంబరులో తగ్గించారు. సంక్రాంతి, దసరాలకి తారీఖు లెక్కపెట్టుకుని పొద్దున ఎనిమిదింటికి కూర్చోవాల్సిందే. తత్కాల్ ముందు రోజు, ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. దానికి ఆధార్ అనుసంధానం ముందే చేసి ఉంచుకోండి. పదింటికి ఐదు నిమిషాల ముందు ఓటీపీ కోసం ఎదురుచూస్తూ పడే టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇంకోటి. టికెట్టు మీద ఏ స్టేషనో చదవండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి చాలవన్నట్టు ఇప్పుడు చర్లపల్లి. నేను నాలుగు బ్యాగులతో, మా అమ్మతో సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద నిలబడి బోర్డు వంక ఇరవై నిమిషాలు చూశాను. రైలు చర్లపల్లి నుంచి. తప్పు పూర్తిగా నాదే, టికెట్టు మీద పెద్ద అక్షరాలతో రాసుంది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ అదే భయమేసింది.

హంపికి ఎన్ని రోజులు కావాలి?

రెండు రాత్రులు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హోస్పేట, అక్కడి నుంచి ఆటోలో అరగంట. పొద్దున ఎనిమిదిలోపు విరూపాక్షాలయంలో ఉంటే చీకటి గదిలో గోడ మీద గోపురం నీడ తలకిందులుగా పడటం చూడొచ్చు. సన్న రంధ్రంలోంచి వెలుగు రావడమే దాని కిటుకు. ఎండెక్కాక గదికి పోయి పడుకోండి. నాలుగింటికి విఠ్ఠలాలయం, యాభై రూపాయల నోటు మీదున్న రాతి రథం. తుంగభద్ర దాటడానికి పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవ ఎక్కొచ్చు, నీళ్ళు ఎక్కువున్నప్పుడు మాత్రం వద్దు.

హైదరాబాద్ వాళ్ళకి హంపితో ఒక బాకీ ఉంది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు, అళియ రామరాయల అండన. అక్కడే తెలుగు మీద ఇష్టం పెరిగింది. మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. 1565 తళ్ళికోట యుద్ధంలో రామరాయల మీదికి వెళ్ళిన సుల్తానుల్లో ఆయనా ఉన్నాడు. మన హుస్సేన్‌సాగర్ కూడా ఆయన హయాంలో వచ్చిందే. హంపిలో కాలిన గోడల మధ్య నడిచి వచ్చాక ట్యాంక్‌బండ్ మీద మిర్చీబజ్జీ తింటుంటే ఈ సంగతి ఒక్కోసారి గుర్తొస్తుంది.

ఉత్తరాదికి వెళ్తే మనకి అన్నం దొరుకుతుందా?

దొరుకుతుంది. మీరడగాల్సింది పెరుగన్నం గురించి. ఎంత గొప్ప భోజనం పెట్టినా మూడో రోజు రాత్రికి మనవాళ్ళ మనసు పెరుగన్నం మీదికి పోతుంది. రాజ్మా చావల్, కఢీ చావల్ ఎక్కడైనా ఉంటాయి. తూర్పుకి వెళ్తే అసలు బెంగే లేదు, ఒడిశా, బెంగాల్, అస్సాం అన్నం తినే ఊళ్ళే. ఒడిశాలో పఖాళ అని పెడితే కంగారు పడకండి, అది మన చద్దన్నం. పక్కన వేయించిన బడియాలు, కాల్చిన వంకాయ పెడతారు. వేసవి మధ్యాహ్నం అంతకు మించింది లేదు.

మనకి ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి ఆవనూనె. బెంగాల్ నుంచి బీహార్ దాకా ఆ ఘాటు మొదట ముక్కుకి తగులుతుంది. నాకు రెండు రోజులు పట్టింది, మా తమ్ముడికి ఇప్పటికీ పట్టలేదు. రెండోది పులుపు. మనం చింతపండు మనుషులం. మహారాష్ట్ర కొంకణ్ దిగగానే అది కోకం అవుతుంది, కేరళ చేపల కూరలో కుడంపులి అవుతుంది, ఢిల్లీ వైపు ఎండు మామిడి పొడి అవుతుంది. గుజరాత్‌లో పప్పు నోట్లో పెట్టుకుంటే బెల్లం తగులుతుంది, మా పెద్దమ్మ వంటవాడు పొరపాటున పాయసం గరిటె పెట్టాడనుకుంది. ఒక ఊరి పులుపు ఎక్కడి నుంచి వస్తోందో అడిగితే చాలు, వంటింటి దాకా పిలిచి చూపిస్తారు. నాకు కుడంపులి అలాగే తెలిసింది. ఎండబెట్టి పొగలో ఉంచిన నల్లటి తొనలు, చూడ్డానికి పాత తోలు చెప్పు ముక్కల్లా ఉంటాయి.

మేం శాకాహారులం. ఉల్లి కూడా తినం.

గుజరాత్, రాజస్థాన్ మీకు పుట్టిల్లు. దాల్ బాటీ చూర్మా, కేర్ సాంగ్రీ ఎడారి కూర. ‘జైన్ ఫుడ్’ అని చెప్తే ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుతారు. అమృత్‌సర్ లంగర్‌లో ఏ వేళకి వెళ్ళినా పంక్తిలో కూర్చోబెట్టి పప్పు, రొట్టె పెడతారు. రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి.

పూరీ మహాప్రసాదం తప్పకుండా తినండి. కట్టెల పొయ్యి మీద మట్టికుండ మీద కుండ పెట్టి వండుతారు. ఆనంద బజారులో ఆకు మీద తింటారు, కులం అడగరు. ఆ వంటింట్లో ఆలుగడ్డ, టమాటా, పచ్చిమిర్చి వాడరు. అవన్నీ సముద్రం దాటి వచ్చినవి. మన గుంటూరు మిరపకాయ కూడా పోర్చుగీసువాళ్ళతో వచ్చిందే. అంతకుముందు తెలుగువాళ్ళ కారం ఎక్కువగా మిరియాలదే. ‘ఉత్తరాదిలో కారం ఉండదు’ అని తిట్టుకునే ముందు ఇది గుర్తుచేసుకుంటే నాలుక కాస్త శాంతిస్తుంది.

రోడ్డు పక్కన తినొచ్చా?

మీ ఎదురుగా వేడిగా వండిందీ, నలుగురూ నిలబడి తింటున్నదీ తినండి. కోసి పెట్టిన పళ్ళు, నీళ్ళు కలిపిన చట్నీ వద్దు. పానీపూరీ విషయం మీ ధైర్యం మీద ఉంది.

కాశీకి ఎలా వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి?

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనేవాళ్ళు ఒకప్పుడు. ఇప్పుడు విమానం ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. నాకు రైలే ఇష్టం. రోజు పైన పడుతుంది, ఆ మధ్యలో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ నేల రంగు నల్లగా, ఎర్రగా, పసుపుగా మారడం కిటికీలోంచి కనబడుతుంది. పెద్దవాళ్ళుంటే తెలుగువాళ్ళ ఆంధ్రాశ్రమంలో గది ముందే రాసి అడగండి. సాంబారన్నం, మన మాట, మన పురోహితులు. కేదారఘాట్ చుట్టుపక్కల పడవవాళ్ళు ‘రండమ్మా రండి’ అని తెలుగులోనే పిలుస్తారు.

అక్కడి వేళ తెల్లవారుజాము. ఘాట్లన్నీ పడమటి ఒడ్డున, తూర్పు మొహంగా ఉంటాయి. ఎదుటి ఒడ్డున ఇళ్ళే లేవు, ఉత్త ఇసుక. అందుకని సూర్యుడు నేరుగా మెట్ల మీదికి వస్తాడు. ఐదున్నరకల్లా పడవలో ఉండండి. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్ హారతి అందరూ చూసేదే, చూడండి, కానీ నాకు పొద్దుటిదే నిలిచిపోయింది.

చలికాలం వెళ్తే మలయ్యో తినడం మర్చిపోవద్దు. కాచిన పాలని రాత్రి మంచులో ఆరుబయట పెట్టి, తెల్లారి చిలికి పైకొచ్చిన నురగని మట్టి పిడతలో పెట్టిస్తారు. కుంకుమపువ్వు రంగు. చెంచాతో తీస్తే బరువే ఉండదు, నోట్లో పెట్టుకునేసరికి ఉండదు. ఎండ ముదిరితే నురగ కూలిపోతుంది, పదింటికల్లా గిన్నెలు కడిగేసుకుంటారు. మేం మొదటిసారి హోటల్లో టిఫిన్ చేసి తీరిగ్గా పదిన్నరకి వెళ్ళాం. రెండో రోజు టిఫిన్ మానేశాం.

కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలేసి రావాలంటారు. మా పెద్దమ్మ కాకరకాయ వదిలింది. ఆవిడ అంతకుముందు కూడా తినేది కాదు.

హిందీ రాకపోతే?

హైదరాబాద్ వాళ్ళకి ఆ బాధ సగమే. మన దక్కనీ ఎక్కడైనా అర్థమవుతుంది, కాకపోతే ‘నక్కో’, ‘హౌ’ అంటే లక్నోలో నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, బేరం కుదురుతుంది. తమిళనాడు, కేరళల్లో ముందు తెలుగులో నెమ్మదిగా అడిగి చూడండి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాం. జాగ్రత్తలు?

రోజుకి ఒక్క చోటు. మెట్లున్న చోటికి పొద్దున్నే. రైల్లో అరవై దాటిన మగవాళ్ళకి, నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది, కానీ ఒక టికెట్టు మీద ఇద్దరికి మించితే వర్తించదు. ఆరుగురినీ ఒకే టికెట్టులో పెట్టి, నాన్నకి పై బెర్త్ వచ్చిందని ఏడవకండి. టికెట్టులో వయసు రాయితీ 2020 నుంచి లేదు.

ఈశాన్య రాష్ట్రాలకి పర్మిట్ కావాలా?

అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మేఘాలయ, అస్సాంలకి అక్కర్లేదు.

పచ్చడి సీసా విమానంలో తీసుకెళ్ళొచ్చా?

అందరూ ఆఖర్న, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. మా మరదలి ఆవకాయ శంషాబాద్‌లోనే ఉండిపోయింది. లగేజీలో వేయండి. గాజు సీసా వద్దు. ప్లాస్టిక్ డబ్బా మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి బిగించి, రెండు కవర్లలో చుట్టి, పాత తువ్వాల్లో మూటగట్టి, బట్టల మధ్యలో నిలువుగా పెట్టండి. తెల్ల చొక్కాలు ఇంకో పెట్టెలో సర్దుకోండి.